జడ వేసేంతసేపు

తుప్.

అదీ చప్పుడు.

వేడి రొట్టె ట్రేని వదిలి గుడ్డ మీద కూచునే చప్పుడు. పెద్దదేం కాదు. మెత్తటి దిండు మీద అరచేత్తో ఒక్కటి వేస్తే ఎంత వస్తుందో, అంతే.

ముందు ఓవెన్ తలుపు కిర్రుమనేది. తర్వాత ఏమీ వినపడేది కాదు... చాలాసేపు ఏమీ వినపడేది కాదు... ఆ తర్వాత —

తుప్.

పైన నా గదిలో నేను కుట్టుమిషను ఆపేదాన్ని. రొట్టె వాసన మెట్లెక్కి వచ్చేది. దాని వెనకే చీమ వచ్చేది, చెయ్యి కాలుతున్నా వదలకుండా ఒక ముక్క పట్టుకుని, ఊదుకుంటూ.

చీమ అంటే మా తమ్ముడి కూతురు. తీపి ఏ డబ్బాలో దాచినా కనిపెట్టేస్తుంది కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఇప్పుడు కొంచెం పెద్దదైంది, బడిలో ఎవరైనా వింటారేమోనని నా నోరు మూస్తుంది. మూసినా సరే, నాకది చీమే.

కింద తమ్ముడి కాపురం. పైన నేనూ, నా మిషనూ. మధ్యలో మెట్లు. ఆ మెట్లు సరాసరి వంటింటి గుమ్మం పక్కన దిగుతాయి. అందుకే కింద గిన్నె పడ్డా నాకు తెలుస్తుంది. తెలియనట్టు ఉండటమే కష్టం.

ఆ ట్రే సంగతి చెప్పాలి.

రాయంత గట్టిపడేదాకా కాల్చిన మట్టి ట్రే అది. పొడుగ్గా, లోతుగా, ఒక్క రొట్టె పట్టేంత. నున్నటి పూత ఏదీ ఉండదు, చేత్తో తడిమితే మట్టి మట్టిగానే తగులుతుంది. మా మరదలు కాపురానికొచ్చిన కొత్తలో కొనుక్కొచ్చింది. అప్పుడది ఇసుక రంగులో ఉండేది.

వాడగా వాడగా రంగు తిరిగింది.

ముందు టీ రంగు. తర్వాత బెల్లం రంగు. తర్వాత — వాన ముందు ఆకాశం రంగు.

చీమ మాటలు వచ్చీరాని వయసులో దాన్ని వేలెత్తి చూపించి "మబ్బు" అంది. ఇక అప్పట్నుంచి ఇంట్లో అందరికీ అది మబ్బే. మబ్బు దించు. మబ్బు ఆరిందో లేదో చూడు. మబ్బు కాలుతోంది, చెయ్యి పెట్టకు.

నూనె కాలి కాలి పట్టిన నలుపు అది, దానివల్లే రొట్టె అంటుకోకుండా ఊడి వచ్చేది. మా మరదలు ఆ నలుపును కన్నబిడ్డ కంటే భద్రంగా చూసుకునేది. ఈ మాట అంటే చీమకు కోపం వస్తుంది గానీ, నిజం.

చీమ బడికి వెళ్తున్న రోజుల్లో, ఒక వానాకాలంలో మా మరదలికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మామూలుది కాదు.

మనిషి పోయింది.

ఇంతకన్నా పొడుగ్గా చెప్పడం నాకు చేతకాదు.

చీమ తన దిండు చంకలో పెట్టుకుని మెట్లెక్కి నా గదికి వచ్చేసింది. ఎందుకొచ్చావని నేను అడగలేదు. ఎన్నాళ్ళుంటావని అడగలేదు. మంచం మీద బట్టల గుట్ట పక్కకు జరిపాను. అది దిండు వేసుకుంది.

కింద ఓవెన్ చల్లారింది. మబ్బు అరమీద బోర్లా పడుకుంది. తమ్ముడు బస్సుల డిపోలో మెకానిక్కు, పొద్దున్నే వెళ్ళి అక్కడే ఎవరో తెచ్చిందేదో తిని వచ్చేవాడు. ఇంట్లో అలికిడి లేదు. నేను మిషను ఎంత గట్టిగా తొక్కినా ఆ లేని చప్పుడు వినపడుతూనే ఉండేది.

చీమ ఏడవలేదు. అన్నింటికీ సరే అనేది. ఒక్కదానికి తప్ప.

జడ వేస్తాను రమ్మంటే రాదు.

దువ్వెన చూపిస్తే చాలు, తల విదిలించుకుని పారిపోయేది. జుట్టంతా పోగు చేసి ఒక రబ్బరు బ్యాండు బిగించి వదిలేసేది. చిక్కులు పడి ఆ జుట్టు ఎలా తయారైందంటే... నా దగ్గర దారాల బుట్టే నయం. మొండిఘటం, వాళ్ళ నాన్న పోలికే అని తిట్టుకున్నాను. అంతకు మించి నాకు తట్టలేదు.

కొన్నాళ్ళకు తమ్ముడికి మళ్ళీ పెళ్ళి చేద్దామన్నారు. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆడపిల్ల తండ్రిని వదిలి మెట్ల పైన నా గదిలో బతుకుతోంది, ఇల్లు ఇల్లులా లేదు. వాడు వద్దన్నాడు. తర్వాత మాట్లాడటం మానేశాడు. తర్వాత ఒకరోజు తలూపాడు.

కొత్తావిడ వచ్చింది.

ఒక పెట్టె తెచ్చుకుంది. ఆ పెట్టెలో సగం బట్టలు, సగం బ్రష్షులు.

నేను నవ్వాను. తర్వాత తెలిసింది, ఆమె పనే అది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు కడిగి, ఆవిరి పట్టి, మెరిసేలా తుడిచి పంపే గదిలో పనిచేసింది. ఏళ్ళ తరబడి. గోళ్ళు చర్మం దాకా కత్తిరించుకుని ఉంటాయి. వేళ్ళ చివర్లు వేడినీళ్ళకు ఎర్రబారి ఉంటాయి. జుట్టు మెడ దాకానే, టోపీలో పట్టేంత.

వచ్చిన రోజునుంచి కడుగుతూనే ఉంది. కిటికీ ఊచలు కడిగింది. స్విచ్చులు తుడిచింది. తమ్ముడి టిఫిన్ డబ్బా మూత అంచులో ఎప్పట్నుంచో ఉన్న మురికి గీతను తీసేసింది. ఇల్లు చూస్తే ముచ్చటేసింది. ముచ్చటేసిందని ఆమెతో చెప్పలేదు, నేనూ ఆడపడుచునే కదా.

చీమ మాత్రం కిందికి రాలేదు.

పై మెట్టు మీద కూచుని చూసేది. ఎవరైనా తలెత్తితే లోపలికి దూరేది. ఎన్నో విధాల అడిగాను. బతిమాలాను. కొత్త గౌను కుడతానన్నాను. చివరికి ఒకరోజు నా వైపు చూడకుండా అంది.

"మబ్బులో రొట్టె చేస్తే వస్తా."

ఆ మాట పట్టుకుని నేను దడదడా మెట్లు దిగాను. కొత్తావిడ ముఖం వెలిగిపోయింది. రొట్టె చేయడం తనకు వచ్చు అంది, ఆసుపత్రి వంటశాల పక్కనే వాళ్ళ గది అట, అక్కడ నేర్చుకుందట. మబ్బు అంటే ఏది అని అడిగింది. అరమీద చూపించి, కుట్టు పని ఉందని పైకి వచ్చేశాను.

ఆ రోజంతా కింద గీకుతున్న చప్పుడు.

గర్... గర్... గర్...

నేల రుద్దుతోంది కాబోలు అనుకున్నాను. ఎంత ఓపిక అనుకున్నాను. పిల్ల వస్తోందని మూలమూలలా కడుగుతోంది అనుకున్నాను.

పిల్ల వస్తోందనే కడిగింది. నేల కాదు.

సబ్బు నురగలో నానబెట్టింది. స్టీలు పీచుతో రుద్దింది. మూలల్లో బ్రష్షు పెట్టి తోమింది. మళ్ళీ నానబెట్టింది, మళ్ళీ రుద్దింది. సాయంత్రానికి తుడిచి, ఎండ పడే కిటికీలో నిలబెట్టింది, గుమ్మంలోకి అడుగు పెట్టగానే కనపడేలా. పిల్లను పిలవమని తమ్ముడితో నాకు కబురు పంపింది.

చీమ దిగింది. ముఖం కడుక్కుని దిగింది. నేను వెనకాలే ఉన్నాను. చివరి మెట్టు మీద ఆగి కిటికీలోకి చూసింది.

ఇసుక రంగు ట్రే. కొత్తగా కొన్నట్టు. ఎవరిదో అన్నట్టు.

"మబ్బేది?" అంది.

కొత్తావిడకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ట్రేని రెండు చేతులా ఎత్తి చూపించింది. "ఇదేనమ్మా. ఎంత తేటగా అయిందో చూడు" అంది, ప్రేమగా. నిజంగా ప్రేమగానే అంది... అదే నన్ను ఇప్పటికీ పీడిస్తుంది.

చీమ వెనక్కి తిరిగి మెట్లెక్కింది. తలుపు చప్పుడు చేయకుండా వేసుకుంది. చప్పుడు చేసి ఉంటే బాగుండేది.

ఇక నా నోరు ఆగుతుందా.

ఏం చేశావో తెలుసా, ఏళ్ళ తరబడి ఒక మనిషి చేత్తో పట్టించిన నలుపమ్మా అది, ఒక్క పూటలో ఊడ్చేశావు అని మొదలుపెట్టాను. ఏం కడగాలో ఏం కడగకూడదో తెలియదా అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను. తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాడి మీదకూ తిరిగాను. నువ్వైనా చెప్పొద్దుట్రా అన్నాను.

వాడు నేల చూపులు చూస్తూ గొణిగాడు. సబ్బు తగలకూడదు అనేదక్కా... నాకు గుర్తు రాలేదు.

కొత్తావిడ ఏడవలేదు. ట్రేని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అప్పుడు చెప్పింది.

"ఆసుపత్రిలో పనిముట్టు మీద నలుపు మిగిలితే మనిషి పోతాడు వదినగారూ. నలుపు కనిపిస్తే నా చెయ్యి ఆగదు."

పైకి వచ్చి కుట్టిన జాకెట్టే మళ్ళీ కుట్టాను.

మరుసటి రోజు ఆమె రొట్టె చేసింది. అది సబ్బు వాసన కొట్టింది. పూత లేని మట్టి కదా, తాగిన సబ్బంతా రొట్టెకు తిరిగిచ్చింది. అడుగు మొత్తం ట్రేకే కరుచుకుపోయింది. పెరట్లో వేస్తే కాకి వచ్చి, తల వంచి చూసి, వెళ్ళిపోయింది.

ఇంకొకరైతే ట్రేని అటక మీద పడేసేవాళ్ళు. ఆమె ఎదురుగా పెట్టుకుని కూచుంది.

ఉత్త వేడినీళ్ళు పోసింది. నాననిచ్చి పారబోసింది. వాసన చూసింది. మళ్ళీ పోసింది. ఎండలో పెట్టింది, లోపలి తడి పూర్తిగా ఇగిరేదాకా, ఎందుకంటే తడి మీద ఓవెన్‌లో పెడితే పగులుతుందని తమ్ముడికి గుర్తొచ్చింది. వాడికి ఇంకోటి కూడా గుర్తొచ్చింది, వేడి ట్రే మీద చన్నీళ్ళు పొయ్యకూడదని. ఇంజన్ కూడా అంతే అక్కా అన్నాడు నాతో. చాలా కాలానికి వాడు తనంతట తాను అన్న మాట అది.

నాకొకటి గుర్తొచ్చింది.

మా మరదలు అప్పుడప్పుడూ పైకి వచ్చి నా దగ్గర నూలు గుడ్డ ముక్కలు ఏరుకుపోయేది. కొత్తవి కాదు, ఉతికి ఉతికి మెత్తబడినవి. ట్రేకి నూనె రాయడానికి. వెతికి ఒక ముక్క తీసుకుని కిందికి వెళ్ళాను. ఇదిగో, దీంతో రాసేది అన్నాను. అంతే అన్నాను. క్షమాపణలు చెప్పే అలవాటు మా ఇంటావంటా లేదు.

ఆమె ఆ గుడ్డముక్కను రెండు చేతులతో తీసుకుంది.

మొదట్లో నూనె ఎక్కువ పోసేసింది. అది కాలి బంకలా తయారైంది, వేలు పెడితే వేలు అంటుకుంది. వంటసోడాలో కాస్త నీళ్ళు కలిపి ముద్దలా చేసి ఆ బంకకు పట్టించింది. నానాక చెక్క గరిటెతో మెల్లగా గీకింది. పీచు ముట్టుకోలేదు. మళ్ళీ నూనె రాసింది, రాసిందంతా తుడిచేసింది, గుడ్డకు మిగిలిందే ట్రేకి చాలన్నట్టు.

రొట్టె చేసింది. అంటుకుంది.

మళ్ళీ చేసింది. కిందంతా రవ్వ చల్లి చేసింది. అంటుకుంది, కాకపోతే కొంచెం తక్కువ.

పైసగం చేతికొచ్చేది. కిందిసగం ట్రేలోనే ఉండిపోయేది. మేం విరిగిన రొట్టెలే తిన్నాం. తుంపులు తిన్నాం, పొరలు తిన్నాం, గరిటెకొచ్చిన పొడి తిన్నాం. రుచి మాత్రం బాగుండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తమ్ముడు డిపోలో తినడం మానేశాడు.

ఆమెకు అసలు కష్టం రొట్టెతో కాదు.

రొట్టె అయ్యాక ట్రేని వేడినీళ్ళతో కడిగి, గీకి, తుడిచి... అక్కడ ఆగాలి. అక్కడే ఆమె చేతులు ఆగేవి కావు. లోపల ఒక లేత మరక మిగిలేది. ఆ మరకను అలాగే ఉంచాలి. బతుకంతా మరకను వదలకపోవడమే నేర్చుకున్న మనిషి, మరకను వదిలెయ్యడం నేర్చుకోవాలి.

"చేతులు దురద పెడుతున్నాయి వదినగారూ" అని నవ్వేది. చేతులు వెనక్కి కట్టుకుని వంటింట్లోంచి బయటికి వచ్చేసేది.

ఆ నవ్వు చూసి నాకు ఆమె మీద జాలేసింది. జాలి కాదు... ఇష్టం కలిగింది. ఒప్పుకోవడానికి కొంచెం టైము పట్టింది, అంతే.

ఎండలు ముదిరాయి. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. మిషను ఇనుము ముట్టుకుంటే చుర్రుమనేది.

ట్రే రంగు తిరగడం మొదలైంది. ముందు అడుగున ఒక మూల. టీ చుక్క పడితే తుడవడం మర్చిపోయినట్టు. తర్వాత ఆ మూలనుంచి పక్కకు పాకింది. ఒకరోజు నేను పైకి వెళ్ళి మిషను మీద గుడ్డ సర్దుతూ, ఎవరితోనో అన్నట్టు అన్నాను, కింద కొంచెం మబ్బు పట్టిందీ అని.

చీమ పుస్తకంలోంచి తలెత్తలేదు. వాన పడదులే అత్తా అంది.

పడదులే అందా. మర్నాటినుంచి మెట్ల మీద కూచోవడం మళ్ళీ మొదలుపెట్టింది. ముందు పైమెట్టు. తర్వాత దాని కిందిది. తర్వాత మెట్లు తిరిగే చోట, గోడ చాటున. ఓవెన్ తలుపు తెరుచుకునేవేళకు అక్కడ ఉండేది. ట్రే బోర్లించి, తట్టి, రొట్టె రెండుగా విరిగిన చప్పుడు వినగానే లేచి పైకి వచ్చేసేది. ముఖంలో ఏమీ ఉండేది కాదు.

అలా ఎన్నిసార్లు జరిగిందో. ఎన్నిసార్లయినా ఆమె ట్రే కడిగేది, ఆరబెట్టేది, గుడ్డతో నూనె రాసేది.

ఒకనాడు మధ్యాహ్నం ఏదో వెతుక్కుంటూ కిందికి వెళ్ళాను. అటకమీది పెట్టె కిందికి దిగి ఉంది. మూత తెరిచి ఉంది. సగం బట్టలు లోపల ఉన్నాయి.

ఇదేమిటన్నాను.

ఆమె పిండి పిసుకుతోంది. పిసకడం ఆపకుండానే చెప్పింది. ఆసుపత్రిలో తన చోటు ఇంకా ఖాళీగానే ఉందట. బడి తెరిచేలోగా వెళ్ళిపోదామనుకుంటోందట. తమ్ముడితో చెప్పిందట. వాడు వద్దన్నాడట, ఆ ఒక్క మాటా అని కూచున్నాడట.

"ఈ ఇల్లు ఆ పిల్లది. దాన్ని మెట్ల మీద కూచోబెట్టి నేను లోపల ఉండలేను వదినగారూ."

కోపంగా అనలేదు. నిష్ఠూరంగా అనలేదు. తూకం చూసి చెప్పినట్టు చెప్పింది.

మెట్ల మలుపులో ఏదో కదిలింది. గోడ చాటున చీమ ఉంది. విన్నది. అది విన్నదని నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

ఏం చెయ్యాలో తెలియక నేను అక్కడే పీట వేసుకుని కూచున్నాను. ఇప్పుడు ఎవరో ఒకరు ఈ ఇంట్లోంచి పోవాలి, లేదా ఎవరో ఒకరు ఆ మెట్లు దిగాలి. రెండిట్లో నా చేతిలో ఏమీ లేదు. నా చేతిలో ఉన్నది బల్ల మీంచి ఊరికే తీసిన ఒక గుడ్డముక్క, అదీ నూనె మరకది.

ఆమె ఆ గుడ్డ తీసుకుని ట్రేకి నూనె రాసింది. రవ్వ చల్లింది. పిండి ముద్ద అందులో పెట్టి మూతేసింది. పిండి పొంగింది. ఓవెన్‌లోకి వెళ్ళింది.

బయట వెలుతురు మారింది.

కిటికీలోంచి చూశాను. ఇళ్ళ కప్పుల వెనక, ఎక్కడో దూరంగా, ఒక మబ్బు. చేతి రుమాలంత. అలాంటివి వస్తాయి, పోతాయి. లేచి చూసేంత సంబరం నాకు లేదు.

రొట్టె వాసన వంటిల్లంతా నిండింది.

ఓవెన్ తలుపు కిర్రుమంది. ఆమె ట్రే తీసి బల్ల మీద గుడ్డ పక్కన పెట్టింది. రొట్టె పైన గోధుమ రంగు పొర, చిటపట చిన్న శబ్దం. వెంటనే, ఎప్పట్లాగే, రెండు చేతులా పట్టుకుని బోర్లించబోయింది. వాళ్ళ గదిలో అంతే మరి. ఆవిరి పెట్టెలోంచి వేడివేడిగా తీయడం, తీసింది తీసినట్టే దించడం, ఇంకోటి లోపల పెట్టడం. అక్కడ ఆగడానికి టైమెక్కడిది.

"అప్పుడే తిప్పకూడదు."

మెట్ల మీదనుంచి.

ఆమె చేతులు గాలిలోనే ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే పిల్ల పారిపోతుందేమోనని ఆమె వెనక్కి తిరగలేదు. ట్రేని మెల్లగా, మాట వచ్చిన వైపు చూడకుండా, బల్ల మీద పెట్టింది.

"మరి ఎప్పుడు తిప్పాలి?" అని ట్రేనే అడిగినట్టు అడిగింది.

జవాబుగా అడుగులు వచ్చాయి. ఒక మెట్టు. ఇంకో మెట్టు. గోడ చాటునుంచి బయటికొచ్చి, చిక్కుల జుట్టుతో, చివరి మెట్టు మీద నిలబడింది.

"జడ అయ్యాక" అంది చీమ.

మాకు అర్థం కాలేదు.

అప్పుడు చెప్పింది. నేలకేసి చూస్తూ, ముక్కలు ముక్కలుగా. అమ్మ రొట్టె తీసి కిటికీలో పెట్టేదట. పీట మీద కూచుని తనను ముందు కూచోబెట్టుకునేదట. రొట్టె చెమట పట్టి వదులవ్వాలి, తొందరపెడితే అలిగి పట్టుకుంటుంది అనేదట. ఆలోగా జడ వేసేదట. జడ చివర బ్యాండు పెట్టాక లేచి తిప్పేదట.

వాళ్ళ నాన్న ఆ వేళకు డిపోలో. నేను పైన మిషను మీద. చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఓవెన్ తలుపు చప్పుడుకూ, ఆ తుప్‌కూ మధ్య... ఆ ఏమీ వినపడని చాలాసేపు...

అంతా జడే.

ఏళ్ళ తరబడి విన్నాను. అందులో ఏముందో ఒక్కసారీ ఆలోచించలేదు. దువ్వెన చూపిస్తే పిల్ల ఎందుకు పారిపోయేదో ఇప్పుడు తెలిసింది. రొట్టె లేకుండా జడేమిటని దాని లెక్క. నాకు ఏడుపొచ్చింది. పీట మీద కూచుని కళ్ళు తుడుచుకున్నాను, ఎవరూ నన్ను చూడటం లేదు కాబట్టి.

కొత్తావిడ ట్రే తీసుకెళ్ళి కిటికీలో పెట్టింది. చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మళ్ళీ కడుక్కుంది. తర్వాత తన చేతుల కేసి చూసుకుంది.

జడ వెయ్యడం నాకు రాదమ్మా అంది. ఎవరికీ ఎప్పుడూ వెయ్యలేదు అంది.

చీమ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, బడిలో లెక్క ఇచ్చినట్టు. తర్వాత నా దగ్గరకొచ్చి, లేవమన్నట్టు నా భుజం తట్టింది. నేను లేచాను. పీటను కిటికీ దగ్గరకు జరిపింది. పైకి పరిగెత్తి దువ్వెన తెచ్చింది. దాన్ని ఆమె చేతిలో పెట్టి, తాను నేల మీద కూచుని, వీపు ఆమె వైపు తిప్పింది.

ఆమె పీట మీద కూచుంది. దువ్వెన పట్టుకుంది. ఆపరేషన్ కత్తుల్ని చూసినట్టే దాని పళ్ళు వెలుతురుకి పెట్టి చూసింది.

చిక్కులు చివర్లనుంచి తీయడం మొదలుపెట్టింది. మెల్లగా. లాగకుండా. ఆ పని ఆమెకు వచ్చు, పట్టుకున్నదాన్ని నొప్పి లేకుండా వదిలించడం ఈ ఎండాకాలమంతా నేర్చుకుంది.

"మూడు పాయలు చెయ్యి" అంది చీమ.

నాకు అప్పుడు తట్టింది, నేనక్కడ ఉండక్కర్లేదని.

ట్రే వైపు ఒకసారి చూశాను. రొట్టె అంచుల్లోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఆ అంచు కింద ట్రే రంగు కొంచెం కనపడుతోంది. బెల్లం రంగు. ఇంకా నలుపు కాదు. నలుపుకు చాలా రొట్టెలు కావాలి. చాలా జడలు కావాలి. పెట్టె మూత ఇంకా తెరిచే ఉంది, దాన్ని కాలితో మెల్లగా గోడ పక్కకు నెట్టాను. నెట్టడం వరకే నా పని. మిగిలింది నా మరదలు చూసుకుంటుంది.

మరదలు అన్నాను. ఆమెను ఆ మాట అనడం అదే మొదటిసారి, అదీ మనసులో.

పైకి వచ్చాను. మంచం మీద చీమ దిండు ఉంది. దాని మీద తల గుంట ఇంకా అలాగే ఉంది. ఈ దిండు కిందికి వెళ్ళాల్సి వస్తుందేమో. వెళ్ళాలి. వెళ్తే ఈ గది నాకు పెద్దదవుతుంది, ఆ సంగతీ నాకు తెలుసు. బాధగా ఉంది. సంతోషంగానూ ఉంది. రెండూ ఒక్కసారే ఉంటే ఏం చెయ్యాలో ఈ వయసులోనూ నాకు తెలియదు.

కిటికీ బయట మబ్బు పెద్దదైంది. పడుతుందో, పోతుందో.

మిషను ముందు కూచున్నాను. సూది కింద గుడ్డ పెట్టాను. చక్రం మీద చెయ్యి వేశాను... తిప్పలేదు.

కింద ఏమీ వినపడటం లేదు.

ఒకసారి చీమ గొంతు, ఏదో సరిదిద్దుతున్నట్టు. తర్వాత ఆమె చిన్న నవ్వు. మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టారు కాబోలు.

మళ్ళీ ఏమీ వినపడటం లేదు.

జడ ఇంకా సగం కూడా అయ్యుండదు. కొత్త చెయ్యి కదా. తొందరేం లేదు.

చక్రం తిప్పకుండా, చెవులు రిక్కించి, నేను కూచున్నాను.